గాలి ఎక్కువైన పెట్రోలు మిగులునా?

పెట్రోలు లీటరు వెల నూరు రూపాయల ప్రాంతమున నిలిచియున్న ఈ దినములలో మన మధ్యతరగతి కుటుంబముల నెలవారీ లెక్కలలో బియ్యము, పాలు, బడి ఫీజులతో పాటు పెట్రోలు కూడ ఒక పెద్ద పద్దుగా చేరినది. హోసూరు పారిశ్రామికవాడకు ప్రతిదినము మోటారు సైకిలుపై పోయివచ్చు యువకుడు గాని, షోలాపురమున బట్టల మూటలతో అంగడి అంగడికి తిరుగు వర్తకుడు గాని, బరంపురము చుట్టుపట్టుల పల్లెలకు పోవు ఉపాధ్యాయుడు గాని ఈ ఖర్చును కొంతయైన తగ్గించు ఉపాయము కలదా యని వెదకుట సహజమే. ఈ కోరికను ఆధారముగా చేసికొని ఒక వ్యాపారము మన ఊళ్లలో వర్ధిల్లుచున్నది. కంపెనీవారు బండికి అమర్చిన ఎయిర్ ఫిల్టరును తీసివేసి, గాలి మరింత సులువుగా చొరబడు వేరొక ఫిల్టరును పెట్టుట. సైలెన్సరును తీసివేసి, పొగ అడ్డులేక వెలుపలికి పోవు 'ఫ్రీ ఫ్లో' సైలెన్సరును బిగించుట. ఇదియే ఆ వ్యాపారము.

దీనికి విక్రేతలు చెప్పు హేతువు వినుటకు ఇంపుగానే యుండును. ముక్కు దిబ్బడ వేసిన మనిషి నాలుగు అడుగులకే ఆయాసపడును. దిబ్బడ వదలినచో తేలికగా పరుగెత్తును. ఇంజను కూడ అంతేయట. గాలిని బాగుగా పీల్చి, పొగను బాగుగా విడిచినచో అది శ్రమలేక పనిచేయును. శ్రమ తగ్గినచో పెట్రోలు మిగులును. ఫిల్టరునకు, సైలెన్సరునకు పెట్టిన వెల కొద్ది నెలలలోనే తిరిగి వచ్చును. ఇదియే వారి వాదము.

మా అభిప్రాయమును ముందుగానే స్పష్టముగా చెప్పుచున్నాము. నేడు మన వీధులలో తిరుగు పెట్రోలు బండ్లకు ఈ అదనపు సామగ్రి వలన మైలేజి పెరుగుననుట నమ్మదగిన మాట కాదు. బండి చప్పుడు మారవచ్చును. యాక్సిలేటరును పూర్తిగా త్రిప్పినపుడు శక్తి కొంచెము పెరుగవచ్చును. కాని పెట్రోలు పద్దు తగ్గదు. ఎందుకు తగ్గదో తెలిసికొనుటకు ఇంజనీరు కానక్కరలేదు. ఇంజను గాలిని ఏల పీల్చుచున్నదో తెలిసికొన్న చాలును.

పెట్రోలు మండుటకు గాలి కావలెను. ఎంత గాలి? తూకమున ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి. లీటర్లలో చెప్పవలెనన్నచో, ఒక లీటరు శుద్ధమైన పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 9,000 లీటర్ల గాలి కావలసియుండును. ఈ నిష్పత్తి ఇంచుమించు స్థిరమైనది. అందుచేత పెట్రోలు ఇంజనులోనికి గాలి ఎక్కువగా వచ్చినచో దానితో పాటు పెట్రోలు కూడ ఎక్కువగానే రావలెను. గాలి పెరిగి పెట్రోలు తగ్గుట యను మాట ఈ లెక్కలో ఇముడదు. గాలి పెట్రోలునకు బదులు వచ్చు వస్తువు కాదు. పెట్రోలును వెంటబెట్టుకొని వచ్చు వస్తువు.

ఇక రెండవ విషయము మొదటిదానికంటె ముఖ్యమైనది. పెట్రోలు బండి వేగమును మనము ఎట్లు అదుపు చేయుచున్నాము? ఇంజనులోనికి గాలి పోవు దారిలో థ్రాటిలు అను చిన్న రేకు తలుపు కలదు. యాక్సిలేటరును త్రిప్పినపుడు ఈ తలుపు తెరచుకొనును, వదలినపుడు మూసుకొనును. సమతలమైన రోడ్డుపై గంటకు 50 కిలోమీటర్ల వేగమున పోవు బండి తన శక్తిలో కొద్ది భాగమును మాత్రమే వాడుకొనును. అప్పుడు ఈ తలుపు చాలవరకు మూసియే యుండును. అనగా ఇంజను గాలిని తక్కువగా పీల్చవలెనని నడుపువాడే దానికి అడ్డు పెట్టియున్నాడు. ఈ తలుపు పెట్టు అడ్డంకి యెదుట మంచి స్థితిలోనున్న ఫిల్టరు పెట్టు అడ్డంకి లెక్కింపదగినది కాదు. సగము మూసిన కొళాయికి వెనుకనున్న గొట్టమును వెడల్పు చేసినందువలన బిందె త్వరగా నిండునా? ఒకవేళ కొంచెము ఎక్కువ గాలి వచ్చినను, బండి కావలసిన దానికంటె వేగముగా పోవును గనుక నడుపువాడు తనకు తెలియకుండనే యాక్సిలేటరును వెంట్రుకవాసి వెనుకకు త్రిప్పును. లెక్క మొదటికే వచ్చును.

సైలెన్సరు సంగతియు ఇంతే. పొగ వెలుపలికి పోవునపుడు దానికి కలుగు ఎదురొత్తిడి ఇంజను పూర్తి వేగమున తిరుగునపుడు గణనీయముగా నుండును. కాని నెమ్మదిగా పోవునపుడు వెలువడు పొగయే తక్కువ, ఎదురొత్తిడియు తక్కువ. గాలిని లోపలికి లాగుటకు, పొగను వెలుపలికి నెట్టుటకు కలిపి ఒక పెట్రోలు కారు ఖర్చు చేయు శక్తి మొత్తము ఇంధన శక్తిలో సుమారు 4 శాతమని అమెరికా ప్రభుత్వమువారు ప్రజల కొరకు ప్రకటించిన లెక్కలలో కలదు. మామూలు ప్రయాణమున ఈ నాలుగింటిలో పెద్ద వాటా థ్రాటిలు తలుపు దగ్గరనే పోవును. మిగిలిన కొద్దిపాటిలో ఫిల్టరునకు, సైలెన్సరునకు చెందిన వాటా ఎంత? దానిని సున్న చేసినను మిగులునది ఎంత? నూటికి 60 పాళ్లకు పైగా వేడి రూపమున వృథాగా పోవు యంత్రమునందు ఈ చిల్లర వాటాను పట్టుకొని మైలేజి నూటికి పది పెరుగును, పదునైదు పెరుగును అని చెప్పువారి ధైర్యమును మెచ్చుకొనవలసినదే.

తర్కమే కాదు, పరీక్షయు జరిగినది. అమెరికాలోని ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాలవారు 2009లో ఫ్యూయల్ ఇంజక్షను గల కార్ల ఎయిర్ ఫిల్టరులను బుద్ధిపూర్వకముగా మూసుకొనిపోవునట్లు చేసి, మైలేజి కొలిచిరి. ఫిల్టరు మూసుకొనియున్నను మైలేజిలో చెప్పుకోదగిన భేదము కనబడలేదు. వేగమును పుంజుకొను చురుకు మాత్రము తగ్గినది. మూసుకొనిపోయిన ఫిల్టరు తీసి శుభ్రమైనది పెట్టినపుడే మైలేజి పెరుగనిచో, శుభ్రమైనది తీసి వెలగలది పెట్టినపుడు ఎట్లు పెరుగును? ఆ దేశమునందే పెట్రోలు పొదుపు చేయునని చెప్పబడిన వందకు పైగా పరికరములను ప్రభుత్వ పర్యావరణ సంస్థవారు ఏండ్ల తరబడి పరిశీలించిరి. వానిలో కొంచెమైన ప్రయోజనము చూపినవి బహు కొద్ది.

అయినచో ఈ నమ్మకము గాలిలోనుండి పుట్టినదా? కాదు. దానికి ఒక కాలమున కొంత ఆధారము కలదు. కార్బురేటరు బండ్లలో ఫిల్టరు దుమ్ముతో మూసుకొనిపోయినచో గాలి తగ్గి పెట్రోలు పాలు ఎక్కువగుట కద్దు. అట్టి బండికి శుభ్రమైన ఫిల్టరు వేసినంతనే మైలేజి కొద్ది శాతములు మెరుగుపడును. మన పెద్దలు తమ స్కూటర్ల విషయమున ఈ అనుభవము నెరిగియుందురు. కాని అది శుభ్రమైన ఫిల్టరు మహిమయే గాని వెలగల ఫిల్టరు మహిమ కాదు. అదియు గాక కాలము మారినది. 2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 ప్రమాణములు అమలులోనికి వచ్చుటతో క్రొత్త మోటారు సైకిళ్లు, స్కూటర్లు దాదాపు అన్నియు ఫ్యూయల్ ఇంజక్షను గలవే అయినవి. వీనిలో పొగ గొట్టమునకు అమర్చిన ఆక్సిజను సెన్సారు మండగా మిగిలిన ప్రాణవాయువును కొలిచి తెలుపుచుండ, చిన్న కంప్యూటరు గాలికి తగిన పెట్రోలును క్షణక్షణము సరిచేయుచుండును. గాలి పెరిగినచో అది పెట్రోలును పెంచును, తగ్గినచో తగ్గించును. తాతల నాటి బండి గుణమును మనుమల నాటి బండికి ఆపాదించి సరకు అమ్ముట ఈ వ్యాపార రహస్యము.

"మేము పెట్టించుకొన్నాము, మాకు మైలేజి పెరిగినది" అని చెప్పువారు ప్రతి ఊరిలోను ఉందురు. వారు అబద్ధమాడుచున్నారని మేము అనము. కాని ఆ పెరుగుదలకు కారణము వేరు కావచ్చును. ఫిల్టరు మార్చిన దినముననే మెకానిక్కు గొలుసునకు నూనె వేసియుండును. టైర్లకు గాలి పట్టియుండును. ఇంజను ఆయిలు మార్చియుండును. పట్టివేయుచున్న బ్రేకును సడలించియుండును. వీనిలో ప్రతియొక్కటియు నిజముగా పెట్రోలును మిగిల్చునదే. కీర్తి మాత్రము ఫిల్టరునకు దక్కినది. ఇంకొక సంగతి. వేల రూపాయలు ఖర్చుపెట్టినవాడు దాని ఫలితమును చూడవలెనను కోరికతో కొన్ని వారములు బండిని నెమ్మదిగా నడుపును. ఆ నెమ్మదియే మైలేజి నిచ్చును. ఉత్సాహము చల్లారినంతనే మైలేజియు పూర్వపు స్థితికి వచ్చును. అప్పటికి లెక్కవేయుట మానివేసియుండును.

ఈ మధ్య ఈ వ్యాపారమునకు మరియొక ఊతము దొరికినది. 2025 నాటికి 20 శాతము ఎథనాల్ కలిపిన పెట్రోలు దేశమంతట వాడుకకు వచ్చినది. ఎథనాలులో లీటరునకు లభించు శక్తి పెట్రోలులోని దానికంటె సుమారు మూడవ వంతు తక్కువ. దీనివలన మైలేజి కొంత తగ్గునని నీతి ఆయోగ్ 2021లో ప్రకటించిన నివేదికయే ఒప్పుకొన్నది. 10 శాతము మిశ్రమమునకు సరిచేయబడిన పాత బండ్లలో ఈ తగ్గుదల ద్విచక్ర వాహనములకు 3 నుండి 4 శాతము, కార్లకు 6 నుండి 7 శాతము ఉండవచ్చునని అందు అంచనా వేసిరి. ప్రజల ఫిర్యాదు నిజమైనదే. దానిపై ప్రభుత్వమును ప్రశ్నించుట న్యాయమే. కాని ఆ నష్టమును ఫిల్టరుతోను, సైలెన్సరుతోను పూడ్చెదమని చెప్పుట న్యాయము కాదు. పిండి కొద్దీ రొట్టె. ఇంధనములోనే లేని శక్తిని గొట్టము మార్చి రప్పించుట ఎవ్వరి తరము?

డబ్బు లెక్క చూతము. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగి, లీటరునకు 50 కిలోమీటర్ల మైలేజి ఇచ్చు బండికి నెలకు 20 లీటర్ల పెట్రోలు కావలెను. లీటరు నూరు రూపాయలని లెక్కకై అనుకొందము. నెల ఖర్చు 2,000 రూపాయలు. ఫిల్టరు, సైలెన్సరు, కూలి కలిపి 6,000 రూపాయలైనదనుకొందము. విక్రేతపై దయతో, ఖర్చు నూటికి మూడు పాళ్లు నిజముగానే తగ్గినదనియు ఒప్పుకొందము. నెలకు మిగులునది 60 రూపాయలు. పెట్టిన ధనము తిరిగి వచ్చుటకు నూరు నెలలు, అనగా ఎనిమిది సంవత్సరములకు పైగా పట్టును. అంతకాలము ఆ బండి ఆ యజమాని యొద్దనే యుండునో లేదో!

ఇది లాభము లేకపోవుటతో ఆగు విషయమైనచో మేము ఇంత విపులముగా వ్రాయకపోవుదుము. నష్టములును కలవు. గాలి సులువుగా పోవు ఫిల్టరు ధూళిని కూడ సులువుగా పోనిచ్చు ప్రమాదము కలదు. బళ్లారి గనుల దారులలోని ఎఱ్ఱ దుమ్ము సిలిండరులో చేరినచో పిస్టను రింగులు త్వరగా అరుగును. అప్పుడు పెట్రోలుతో పాటు ఆయిలు కూడ తాగును. నూనె పూసిన గుడ్డ ఫిల్టరులలో నూనె ఎక్కువైనచో కార్లలో గాలిని కొలుచు సెన్సారుపై అది పేరుకొని కొలత తప్పుట యను ఫిర్యాదు మెకానిక్కులకు క్రొత్తది కాదు. పలు 'ఫ్రీ ఫ్లో' సైలెన్సరులను బిగించునపుడు విషవాయువులను శుద్ధిచేయు క్యాటలిటిక్ కన్వర్టరును తీసివేయుదురు. దానితో కార్బన్ మోనాక్సైడు మొదలగునవి నేరుగా మన వీధిలోనికి, మన పిల్లల ఊపిరిలోనికి వచ్చును. వారంటీ కాలమున ఇంజను చెడినచో కంపెనీవారు ఈ మార్పును చూపి బాధ్యత నుండి తప్పుకొనవచ్చును. చెప్పక చేయించిన మార్పుపై బీమావారును అభ్యంతరము చెప్పవచ్చును.

చట్టము సంగతియు తెలిసికొనదగినది. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను కంపెనీవారు నిర్ణయించిన వివరములకు విరుద్ధముగా వాహనమును మార్చుటను నిషేధించుచున్నది. ఈ సెక్షనును సుప్రీం కోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పునందు గట్టిగా సమర్థించినది. అదే సంవత్సరము వచ్చిన సవరణ చట్టము అనుమతి లేని ప్రతి మార్పునకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు కారాగారము విధించినది. వాయు, ధ్వని కాలుష్య ప్రమాణములను మీరి బండి నడిపినవారికి మొదటి తప్పునకే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు శిక్ష, మూడు నెలల పాటు లైసెన్సు అనర్హత కూడ అందు చేర్చబడినవి. పెట్రోలులో అరువది రూపాయలు మిగుల్చుకొనబోయి పోలీసు ఠాణాలో పదివేలు చెల్లించుట ఏపాటి పొదుపు?

ఈ విషయమును మన సంఘ పత్రికలో చర్చించుటకు ఒక ప్రత్యేక కారణము కలదు. బండితో వచ్చు వారంటీ పుస్తకము ఇంగ్లీషుననో హిందీలోనో యుండును. పోలీసువారి ప్రకటనలు కన్నడమున, తమిళమున, ఒడియాలో, మరాఠీలో వెలువడును. ఇంటి భాషగా తెలుగును మాత్రమే నిలుపుకొన్న మన తల్లిదండ్రులలో అనేకులకు ఇవి అందవు. కాని అంగడిలో విక్రేత చెప్పు తీయని మాట మాత్రము పలుచోట్ల చక్కని తెలుగులోనే యుండును. మన భాషలో చెప్పినాడు గనుక మనవాడు, మనవాడు గనుక నిజమే చెప్పును అను భ్రమలో ధనము చేతులు మారుచున్నది. హెచ్చరిక పరభాషలోను, ప్రలోభము స్వభాషలోను ఉన్నపుడు స్వభాషలో హెచ్చరిక చేయుట మన పత్రిక విధి. మరియొక మాట. మనము తరతరములుగా పొరుగు భాషలవారి నడుమ సఖ్యముగా బ్రదుకుచున్నవారము. అర్ధరాత్రి వీధి యదిరిపడునట్లు మన యువకుల బండి పోయినపుడు పొరుగింటి ముసలివారికి, చంటిబిడ్డలకు కలుగు బాధ ఏ భాషవారికైనను ఒక్కటే.

యువకులు మమ్ము అపార్థము చేసికొనరాదు. యంత్రములపై వారికి గల ఆసక్తి మెచ్చదగినది; మెకానిక్కుల జీవనోపాధిపై మాకు ద్వేషము లేదు. పందెపు మైదానమున పరుగెత్తించు బండికి గాలి ఎక్కువైనచో శక్తి పెరుగుననుట నిజమే. అక్కడ యాక్సిలేటరు పూర్తిగా తెరచియుండును. అక్కడ పెట్రోలు పొదుపు ఎవ్వరికిని అక్కరలేదు. శక్తి కొరకు, సరదా కొరకు చట్టము అనుమతించిన చోట పెట్టించుకొనువాడు తన సొమ్ము తాను ఖర్చుపెట్టుకొనుచున్నాడు. కాని "మైలేజి వచ్చును" అను సాకుతో తండ్రిచేత డబ్బు పెట్టించుట తగదు.

నిజముగా పెట్రోలు పొదుపు కోరువారికి మార్గములు లేకపోలేదు. అవి వెలలేనివి గనుక ఎవ్వరును ప్రకటించుట లేదు. టైర్లలో గాలిని వారమున కొకసారి చూచుకొనవలెను. కార్లలో సగటున ఒక్క పౌండు తగ్గినచో మైలేజి సుమారు 0.2 శాతము తగ్గునని లెక్క. గొలుసును శుభ్రపరచి నూనె వేయవలెను. బ్రేకు పట్టివేయకుండ చూడవలెను. సగము క్లచ్చి పట్టి నడుపరాదు. గాలి పెట్టు ప్రతిఘటన వేగము రెండింతలైనచో నాలుగింతలగును గనుక గంటకు 50 కిలోమీటర్ల ప్రాంతమున స్థిరముగా పోవుట మేలు. చౌరస్తాలో ఎఱ్ఱదీపము దీర్ఘముగా నున్నచో ఇంజనును ఆర్పివేయవలెను. ఎయిర్ ఫిల్టరును కంపెనీవారు చెప్పిన గడువునకు, దుమ్ము దారులలో తిరుగువారు అంతకు ముందే, కంపెనీ ఫిల్టరుతోనే మార్చుకొనవలెను.

మా మాటను గూడ ఎవ్వరును గ్రుడ్డిగా నమ్మనక్కరలేదు. మన శాఖల యువజనులకు ఒక సూచన చేయుచున్నాము. ఒక నోటు పుస్తకము తీసికొని, ఒకే బంకులో టాంకు నిండ పోయించుకొని, కిలోమీటర్ల అంకెను వ్రాసికొని, మరల నిండించునపుడు పట్టిన లీటర్లను, తిరిగిన దూరమును వ్రాయుడు. ఒక్కసారి చాలదు, కనీసము ఐదారు పర్యాయములు, ఒకే దారిన, ఒకే బరువుతో చేయవలెను. ఇప్పటికే అదనపు ఫిల్టరు పెట్టించుకొన్నవారు కంపెనీ ఫిల్టరును మరల వేసి అటునిటు రెండు విధముల లెక్క తీయుడు. ఆ లెక్కలను మాకు పంపినచో, అవి మా వాదమునకు అనుకూలముగా నున్నను, ప్రతికూలముగా నున్నను, ఉన్నవి ఉన్నట్లు ప్రకటింతుము. అంగడిలో ఎవరైన ఈ సరకును మైలేజి పేర అమ్మజూపినచో, ఇటువంటి లెక్కను ముందు వ్రాతపూర్వకముగా చూపుమని అడుగుడు. చూపనిచో జేబులోని డబ్బు జేబులోనే ఉండనిండు. ఆ డబ్బుతో కొన్ని నెలలు పెట్రోలు పోయించుకొనవచ్చును.